కాగితం వెనక్కి తిప్పి చూడాలి

పోయిన వారం ఒక పెట్టెలో ఒక కవిత చేతిరాత ప్రతి కనబడింది. కొత్తదేం కాదు, ఆ కవి సంపుటిలో ఎప్పుడో అచ్చయినదే. కాకపోతే ఇందులో కొట్టివేతలున్నాయి, మార్జిన్లో నిలువుగా ఇంకో రెండు లైన్లున్నాయి, ఆ రెండూ అచ్చులో లేవు. తేదీ మాత్రం ఎక్కడా వేయలేదు. రెండు నిమిషాలు అదే చదువుకుంటూ కూర్చుని, తర్వాత అలవాటు కొద్దీ కాగితం వెనక్కి తిప్పాను. వెనక ఒక ఆసుపత్రి కేస్ షీట్. అచ్చు ఫారం మీద డాక్టరు గజిబిజి రాత, 1961 మార్చి, మానసిక వైద్య విభాగం, ఏ మందు ఎంత డోసు, అన్నిటికంటే కింద "తీసుకెళ్ళడానికి ఇంటివాళ్ళు రాలేదు" అని ఒక ముక్క. పేషెంటు మన కవి కాదు. ఎవరో 19 ఏళ్ళ అమ్మాయి. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు అన్నీ ఉన్నాయి.

ఆయన కొన్నాళ్ళు ఆసుపత్రిలో గుమాస్తాగా చేశారని జీవిత వివరాల్లో ఉంది. పనికిరాని ఫారాలు ఇంటికి తెచ్చుకుని వెనకున్న ఖాళీలో రాసుకునేవారన్నమాట. చిత్తు కాగితం కూడా పారేయడానికి మనసొప్పని మనిషి. ఆయన ఏ దురుద్దేశంతోనూ చేయలేదు, పెట్టెలు మాకిచ్చిన వాళ్ళబ్బాయికైతే సంగతే తెలియదు. ఇక ఆ అమ్మాయి ఉందో లేదో, ఉంటే 80 దాటి ఉంటుంది, తన కేస్ షీట్ ఒక కవిత వీపున అతుక్కుని ఆర్కైవ్స్ దాకా వచ్చిందని కలలో కూడా అనుకుని ఉండదు. ముందు వైపు అందరూ చూడాల్సింది, వెనక వైపు ఇప్పట్లో ఎవరూ చూడకూడనిది, కాగితం మాత్రం ఒక్కటే.

నేను చేసేది ఈ పనే. ఆర్కైవ్స్‌లో ఉద్యోగం అనగానే దుమ్ము దులపడం, కాగితాలకి పట్టిన పురుగుని తరమడం అనుకుంటారు, అవీ ఉంటాయి గానీ నా బల్ల మీదికి వచ్చేది దానికి తర్వాతి మెట్టు. ఒక పరిశోధకుడు ఫలానా పెట్టె కావాలని చీటీ రాసిస్తాడు. ఆ పెట్టె అంతకు ముందు ఎవరూ చూడనిదైతే, లేదా జాబితాలో దాని పక్కన "పరిశీలించాలి" అని గుర్తుంటే, అది నేరుగా రీడింగ్ రూమ్‌కి వెళ్ళదు, ముందు నా దగ్గరికొస్తుంది. నేను ఒక్కో కాగితం తిప్పి, ఇది చూపించొచ్చు, ఇది ఇప్పుడు కుదరదు, ఇది నకలు తీసి పేరు కొట్టేసి ఇవ్వొచ్చు అని విడదీస్తాను. అంతే. చెప్పడానికి రెండు ముక్కలు, చేయడానికి ఒక్కోసారి ఒక్క పెట్టెకి నాలుగు రోజులు.

ఈ పని మీద బయటివాళ్ళకి ఉండే అపోహ ఒకటుంది, మేమేదో పెద్దవాళ్ళ రహస్యాలు కాపాడుతున్నామని. నిజం చెప్పాలంటే పెద్దవాళ్ళ గురించి నేను పెద్దగా బెంగపడను. వాళ్ళకి లాయర్లున్నారు, వారసులున్నారు, పెట్టెలు ఇచ్చేటప్పుడే దానపత్రంలో ఏది ఎన్నాళ్ళు మూసి ఉంచాలో రాయించుకునే తెలివుంది. నా బెంగంతా ఆ దానపత్రం మీద సంతకం చేయని మూడో మనిషి గురించి. ఉత్తరం రాసినవాడు కాదు, అందుకున్నవాడు కాదు, ఉత్తరంలో మధ్యలో వచ్చే మనిషి. "ఫలానా వాళ్ళమ్మాయి విషయం విన్నావా" అని మొదలయ్యే పేరాలో ఉంటుందే, ఆ అమ్మాయి. ఆమెని ఎవరూ అనుమతి అడగలేదు, అడగడానికి ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పెట్టెలో ఆమె తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు, ఆ రోజు ఆ పెట్టె ముందు కూర్చున్న గుమాస్తా తప్ప.

సరే, మూసేయాలి అనుకున్నాం. ఎన్నాళ్ళు? అసలు తలనొప్పి ఇక్కడే.

మనిషి బతికున్నాడో లేడో తెలియనప్పుడు లెక్క ఎలా వేస్తారంటే, బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళది ఒక సూటి పద్ధతి ఉంది. ఎవరైనా 100 ఏళ్ళు బతుకుతారనుకో. కాగితంలో ఉన్నది పెద్దవాళ్ళే గానీ వయసు రాయలేదంటే అప్పటికి 16 ఏళ్ళనుకో, పిల్లలైతే ఇంకా ఏడాది కూడా నిండలేదనుకో. అంటే పెద్దవాళ్ళ కాగితం రాసిన నాటి నుంచి 84 ఏళ్ళు, పిల్లలదైతే పూర్తిగా 100 ఏళ్ళు మూసి ఉంటుంది. వాళ్ళ కేటలాగులో ఎక్కడైనా 84 ఏళ్ళు అన్న వింత అంకె కనబడితే ఇది గుర్తు చేసుకోండి, వందలోంచి పదహారు తీసేయడమే. ఫ్రాన్స్‌లో అయితే వైద్య రహస్యాలకి మనిషి చనిపోయాక 25 ఏళ్ళు, చనిపోయిన తేదీ తెలియకపోతే పుట్టిన నాటి నుంచి 120 ఏళ్ళు. అమెరికాలో ఆసుపత్రులు చూసుకునే ఆరోగ్య సమాచారానికి చట్టం ఇచ్చే రక్షణ మనిషి పోయాక 50 ఏళ్ళ దాకా ఉంటుంది.

ఇప్పుడు నా కవిత కాగితానికి వద్దాం. 1961లో 19 ఏళ్ళంటే పుట్టింది 1942 ప్రాంతం. వందేళ్ళ లెక్క కడితే 2042 చివరి దాకా మూయాలి. ఫ్రెంచి వాళ్ళ లెక్కలో 2062. అదే ఫారంలో వయసు రాయకుండా ఉంటే బ్రిటన్ పద్ధతిలో 2045. ఒక్క కాగితం, ముగ్గురు మనుషులు మూడు తాళాలు వేస్తారు, ముగ్గురిదీ న్యాయమే. చనిపోయిన తేదీ తెలిస్తే ఇంత లెక్క అక్కర్లేదు, కానీ అనామకంగా బతికినవాళ్ళ మరణ తేదీ ఎక్కడ వెతుకుతాం? పేరున్నవాళ్ళ కాగితాలు తొందరగా తెరుచుకుంటాయి, ఎందుకంటే వాళ్ళు ఎప్పుడు పోయారో పేపర్లో వచ్చింది. పేరులేనివాళ్ళవి వందేళ్ళూ మూసే ఉంటాయి. వాళ్ళ చరిత్ర రాద్దామని వచ్చిన పరిశోధకులకి ఇది ఎంత చిరాకో నాకు తెలుసు, నాకూ చిరాకే.

జనాభా లెక్కల కాగితాలదీ ఇదే కథ. అమెరికాలో 72 ఏళ్ళ నిబంధన, 1950 నాటి లెక్కల కాగితాలు 2022 ఏప్రిల్ 1న తెరిచారు. ఇంగ్లండులో 100 ఏళ్ళు, 1921వి 2022 జనవరిలో బయటికొచ్చాయి. దాని తర్వాత 1931వి రావాలి కదా, అవి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం మూలంగా లెక్కలే జరగలేదు, కాబట్టి తర్వాతి విడత 1951ది, అంటే 2052 దాకా ఎదురుచూపే. మన దేశంలో 1948 సెన్సస్ చట్టం అసలు ఏళ్ళ గొడవే పెట్టుకోలేదు, లెక్కల్లో మీరు చెప్పిన వివరాల కాగితాలు ఎవరూ తనిఖీ చేయడానికి లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు అని రాసేసింది. ప్రభుత్వ ఫైళ్ళ సంగతి వేరు, 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం రహస్య ముద్ర లేనివి, 30 ఏళ్ళు దాటి నేషనల్ ఆర్కైవ్స్‌కి చేరినవి పరిశోధకులకి చూపించొచ్చు. ఈ వాక్యంలో "రహస్య ముద్ర లేనివి" అన్న చోటే ఎందరి పీహెచ్‌డీలు ఆగిపోయాయో. ఎప్పుడో ఎవరో ఒక ఫైలు మీద రహస్యం అని స్టాంపు కొట్టేసి రిటైరైపోతారు, ఆ స్టాంపు తీసేయాల్సింది ఫైలు పుట్టిన శాఖే, ఆ శాఖలో ఇప్పుడున్నవాళ్ళకి ఆ ఫైలు ఉన్నట్టే తెలియదు.

అందుకే ఈ పనిలో నేను గట్టిగా పట్టుకున్నది ఒకటుంది, తేదీ లేని తాళం వేయకూడదు. "దాత కోరిక మేరకు మూసి ఉంచబడినది" అని రాసి ఊరుకుంటే అది ఆంక్ష కాదు, సమాధి. ఎవరు మూశారు, ఎందుకు మూశారు, ఎప్పుడు తెరవాలి, ఈ మూడూ చీటీ మీద లేకపోతే నా తర్వాత వచ్చేవాళ్ళు భయానికి దాన్ని ఎప్పటికీ తెరవరు. తెరిచి మాట పడడం కంటే మూసి ఊరుకోవడం ఏ ఉద్యోగికైనా సుఖం కదా.

తేదీ ఉన్న తాళాలు ఎలా తెరుచుకుంటాయో చూడడం నాకు సరదా. లింకన్ కాగితాలు ఆయన కొడుకు రాబర్ట్ లింకన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇస్తూ తను పోయిన 21 ఏళ్ళ దాకా తెరవకూడదన్నాడు. ఆయన 1926 జూలై 26న పోయాడు, 1947 జూలై 26న అర్ధరాత్రి దాటగానే తెరిచారు, హత్య గురించి ఏ బాంబో పేలుతుందని కాచుకుని కూర్చున్నవాళ్ళకి పెద్దగా ఏమీ దొరకలేదు. ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ తను ఒకప్పుడు ప్రేమించిన ఎమిలీ హేల్‌కి రాసిన ఉత్తరాలు వెయ్యికి పైగా ప్రిన్స్‌టన్‌లో ఉండిపోయాయి, ఇద్దరిలో చివరివారు పోయాక 50 ఏళ్ళకి, 2020 జనవరిలో తెరిచారు. అదే రోజు హార్వర్డ్ వాళ్ళు ఎలియట్ రాసి దాచిన వాంగ్మూలం ఒకటి విడుదల చేశారు, ఆ ఉత్తరాలు ఎప్పుడు తెరిస్తే అప్పుడే దీన్నీ తెరవండని ఆయన ముందే ఏర్పాటు చేసుకుని పోయాడు. చచ్చిపోయి 55 ఏళ్ళయ్యాక కూడా మాటకి మాట అప్పజెప్పడమంటే ఇదే. మనకి దగ్గరి ఉదాహరణ మౌలానా ఆజాద్ ఆత్మకథలోని 30 పేజీలు. 30 ఏళ్ళ తర్వాతే తెరవాలని సీలు వేసి కలకత్తా నేషనల్ లైబ్రరీలో ఒక ప్రతి, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒక ప్రతి పెట్టారు, 1988లో అవి బయటికొచ్చాయి. వీటిలో ఏముంది అన్నది పక్కన పెట్టండి. తేదీ ఉంది, తేదీ వచ్చింది, తెరిచారు. నాకు కావలసింది అదే.

దాతల దగ్గరకొస్తే, వాళ్ళతో మాట్లాడడం ఒక కళ. పెట్టెలు భద్రంగా ఉండాలి, నాన్నగారి పేరు మీద ఒక గది ఉండాలి, పరిశోధనలు జరగాలి, కానీ ఎవరూ ఏదీ చదవకూడదు. కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ గుండులా ఉండాలి అంటారే, సరిగ్గా అలాగ. ఒకాయన నాతో, "అమ్మా, మా నాన్నగారు మా పెదనాన్నగారి మీద కోపంలో రాసిన ఉత్తరాలున్నాయి, అవి చించేయండి" అన్నారు. చించడం మా పని కాదండీ, మీరైనా చించొద్దు, పెదనాన్నగారి పిల్లలు ఉన్నంత కాలం మూసి పెడతాం అని నచ్చజెప్పడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. "వాళ్ళ పిల్లలు ఉన్నంత కాలం" అన్నది కూడా తేదీ కాదు కదా, చివరికి 40 ఏళ్ళ దగ్గర బేరం కుదిరింది. కుర్చీలోంచి లేస్తూ ఆయన అన్న మాట ఇంకా గుర్తుంది, "అప్పటికి నేనుండను కదా, మంచిదే."

మాట ఇవ్వడం తేలిక, నిలబెట్టుకునే అధికారం ఉందా అని ముందు చూసుకోవాలి. ఈ సంగతి మా వాళ్ళందరికీ బోస్టన్ కాలేజీ నేర్పింది. ఉత్తర ఐర్లండు గొడవల్లో తుపాకీ పట్టిన మాజీ సాయుధులతో 2001 నుంచి 2006 దాకా మాట్లాడించి రికార్డు చేశారు, మీరు బతికున్నంత కాలం ఇవి బయటికి రావని మాట ఇచ్చారు. 2011లో బ్రిటన్ అడిగితే అమెరికా ప్రభుత్వం ఆ టేపుల కోసం సమన్లు పంపింది, కోర్టుల్లో కొట్లాడినా కొన్ని ఇవ్వాల్సి వచ్చింది, పాత హత్య కేసుల్లో పోలీసులు వాటిని వాడారు. 2014లో కాలేజీ వాళ్ళు, కావాలంటే మీ టేపులు మీరు తీసుకెళ్ళండని మాట్లాడినవాళ్ళకి చెప్పేశారు. దానపత్రంలో మేమెన్ని రాసినా కోర్టు కాగితం వస్తే అవి నిలవవు. ఆ ముక్క దాతకి ముందే చెప్పకుండా "మీకేం ఫర్వాలేదు" అనే ఆర్కైవిస్టుని నేను నమ్మను.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా పెద్ద కబుర్లలా ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది అనుకుంటా, ఒక టీచరు కాగితాల్లో ఒక ఫోల్డరు మూశాను. ఆవిడ స్కూల్లో ఒక పిల్ల విషయంలో జరిగిన విచారణ ఉత్తరాలు. బాగా చూశాను, లెక్కకట్టి వందేళ్ళ తేదీ వేశాను, గులాబీ రంగు చీటీ పెట్టాను, అసలు కాగితాలు తీసి వేరే అలమరలో పెట్టి తాళం వేయించాను. అన్నీ సరే. ఫోల్డరు మీద ఉన్న పేరుని మాత్రం ఉన్నదున్నట్టు జాబితాలోకి ఎక్కించేశాను. ఆ పేరేమిటంటే, ఆ పిల్ల పూర్తి పేరు, పక్కన ఒక గీత, ఏం జరిగిందో ఒక్క ముక్కలో. జాబితా ఆన్‌లైన్లో పెట్టాం. ఎనిమిది నెలలు అలాగే ఉంది. లోపల తాళం వేసి, బయట బోర్డు రాసిపెట్టాను. మా ఆఫీసులో వేరే సెక్షన్ అబ్బాయి ఏదో వెతుకుతూ చూసి, "మేడమ్, ఇది ఇలా ఉండొచ్చా" అని మెల్లగా అడిగాడు. నా కాళ్ళ కింద నేల కదిలింది. అదే నిమిషంలో పేరు మార్పించాం, "విద్యార్థి విషయమై ఉత్తరాలు" అని, సెర్చ్ ఇంజన్లలో దాచుకున్న పాత కాపీలు తీయించడానికి ఇంకో మూడు వారాల టెన్షన్. ఎవరైనా చూశారా, చూడలేదా, తెలుసుకునే దారి లేదు. ఆ రోజు నుంచి కాగితం కంటే ముందు దాని పేరు చదువుతాను.

అలాగని పేరు పూర్తిగా దాచేసి, ఫోల్డరే లేనట్టు జాబితాలోంచి తీసేయడం కూడా తప్పే. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి 2012లో ఒప్పుకున్న సూత్రాల్లో ఇది స్పష్టంగా ఉంది, మూసినవి ఉన్నాయన్న సంగతైనా జనానికి తెలియాలి. ఉందని తెలిస్తేనే కదా ఎవరైనా అడిగేది, ఎందుకు మూశారని తగవు పెట్టుకునేది. ఆ తగవు ఆరోగ్యకరమైనదే, కొన్నిసార్లు వాళ్ళే గెలుస్తారు, గెలిచినప్పుడు నాకేం కష్టంగా ఉండదు.

నల్ల మార్కర్ గురించి కూడా రెండు ముక్కలు. కొత్తగా వచ్చినవాళ్ళకి మేం మొదట చెప్పేది అసలు కాగితం మీద గీత పడకూడదని. జిరాక్స్ తీయాలి, ఆ జిరాక్స్ మీద పేరు కొట్టేయాలి, ఆ కొట్టేసినదాన్ని మళ్ళీ జిరాక్స్ తీసి ఆ రెండో కాపీ ఇవ్వాలి. ఎందుకంటే మొదటి కాపీని కిటికీ వెలుగుకి పట్టి చూస్తే మార్కర్ కింద అక్షరాలు చక్కగా కనబడతాయి. నమ్మకపోతే ఇంట్లో చేసి చూడండి. కంప్యూటర్లోనూ ఇదే తప్పు ఇంకో రూపంలో జరుగుతుంది, పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీసి అయిపోయిందనుకుంటారు, కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి ఇంకో చోట పేస్ట్ చేస్తే మొత్తం వచ్చేస్తుంది. 2019 జనవరిలో అమెరికాలో, ఒకప్పుడు ట్రంప్ ఎన్నికల ప్రచారం నడిపిన పాల్ మానఫోర్ట్ కేసులో లాయర్లు కోర్టుకి పెట్టిన కాగితంలో ఇలాగే జరిగి, దాచాలనుకున్నదంతా విలేకరుల చేతిలో పడింది. ఇక హడావుడిగా అసలు ఏదీ కొట్టేయకుండా వదిలితే ఏమవుతుందో 2025 మార్చిలో కెనెడీ హత్య ఫైళ్ళు విడుదల చేసినప్పుడు చూశాం. పారదర్శకత అని ఒక్కసారిగా తెరిచేశారు, ఎప్పుడో 1970ల్లో దర్యాప్తు కమిటీల్లో పనిచేసి ఇంకా బతికే ఉన్న ఎందరివో సోషల్ సెక్యూరిటీ నంబర్లు, మన ఆధార్ నంబరు లాంటివి, కూడా వాటితో పాటు బయటికొచ్చాయి. కెనెడీని ఎవరు చంపారన్న దానికీ ఆ నంబర్లకీ సంబంధమేమైనా ఉందా?

ఎవరి పేరు కొట్టేయాలి, ఎవరిది ఉంచాలి అన్నదానికి నాకు తెలిసినంతలో బాగా ఆలోచించి రాసిన చట్టం జర్మనీది. తూర్పు జర్మనీ గూఢచారి సంస్థ స్టాసీ పోగుచేసిన ఫైళ్ళు వరసగా పేరిస్తే 100 కిలోమీటర్లు దాటతాయి. 1991 చట్టంతో ఎవరి ఫైలు వాళ్ళు చూసుకునే హక్కొచ్చింది. మీ ఫైలు మీరు అడిగితే ఇస్తారు, అందులో మీతో పాటు నిఘాకి గురైన ఇతరుల పేర్లు కొట్టేసి ఇస్తారు, కానీ మీ మీద చాడీలు మోసినవాడి పేరు మాత్రం అడిగితే చెబుతారు. బాధపడ్డవాడికి ఒక న్యాయం, బాధపెట్టినవాడికి ఇంకొకటి. నా బల్ల మీద కాగితాలు ఇంత తేలిగ్గా రెండుగా విడిపోవు, ఒకే ఉత్తరంలో ఒకే మనిషి రెండూ అయి ఉంటాడు.

ఇంకో జబ్బుంది, అతి జాగ్రత్త. ఒక్క కాగితం కోసం పెట్టె మొత్తం మూసేయడం. ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకున్నట్టు. నేను రాకముందు మా దగ్గర ఇదే పద్ధతి, పెట్టె మీద "వ్యక్తిగతం" అని రాసి పక్కన పెట్టేసేవాళ్ళు. అలాంటి 60 పెట్టెలు నేను మళ్ళీ తెరిచి చూశాను. ఒకదాంట్లో కరెంటు బిల్లులు, పెళ్ళి శుభలేఖలు, పత్రికల చందా రసీదులు, అన్నిటి మధ్యా నిజంగా మూయాల్సింది ఒకే ఒక్క ఉత్తరం. ఆ ఉత్తరం తీసి ఆ చోట చీటీ పెట్టి, మిగతా పెట్టె వదిలేశాను. చందా రసీదులు చూసి ఒకావిడ ఏ పత్రిక ఎంతమందికి వెళ్ళేదో లెక్క కట్టి మంచి వ్యాసమే రాసింది.

పరిచయస్తులకి చాటుగా చూపించడం గురించి ఎక్కువ చెప్పను. ఒకసారి పై నుంచి ఫోన్ వచ్చింది, ఫలానా ప్రొఫెసర్ గారు పెద్దమనిషి, ఆయన చూసి ఎవరికీ చెప్పరు, ఆ ఒక్క ఫోల్డరు ఇవ్వండి అని. ఆయనకిస్తే రేపు ఎంఏ చదివే పిల్ల అడిగినా ఇవ్వాలి సార్ అన్నాను. అడకత్తెరలో పోకచెక్కలా ఒక నెల గడిచింది, తర్వాత ఎవరూ మాట్లాడలేదు, ఫోల్డరు ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు కొత్తగా వస్తున్నవి పెట్టెలు కావు, హార్డ్ డిస్కులు. ఒకాయన పదిహేనేళ్ళ ఈమెయిళ్ళు, 70 వేలకి పైనే. ఒక్కొక్కటీ తిప్పి చూడడం నా రిటైర్మెంటు లోపు అవదు. ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా అంకెలు, డాక్టర్ రిపోర్టుల్లో వచ్చే మాటలు ఇవన్నీ వెతికి పట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి, వాడుతున్నాం. పదహారు అంకెలు వరసగా ఉంటే అది పట్టేస్తుంది. "చెల్లి విషయం నీకు తెలుసు కదా, మళ్ళీ మొదలైంది" అన్న వాక్యాన్ని మాత్రం పట్టలేదు. అది చదివితే నాకు మాత్రం లోపల ఏదో చివుక్కుమంటుంది, దాని చుట్టూ ఉన్న నాలుగు ఉత్తరాలు చదువుతాను, అప్పుడు తెలుస్తుంది.

కవిత కాగితానికి ఏం చేశానో చెప్పి ఆపుతాను. ముందు వైపు మంచి రిజల్యూషన్లో స్కాన్ చేశాం, కార్బన్ సిరా అవతలి నుంచి ఎక్కడైనా మసగ్గా కనబడుతోందా అని జూమ్ చేసి మరీ చూశాం, ఒక చోట రెండక్షరాలు తిరగబడి కనబడ్డాయి, కాగితం వెనక నల్ల అట్ట పెట్టి మళ్ళీ స్కాన్ చేశాం, పోయాయి. అసలు ప్రతి కవరులో పెట్టి, చీటీ మీద "ముందు వైపు నకలు అందుబాటులో ఉంది, అసలు ప్రతి 2043 జనవరి 1న తెరవాలి, కారణం: మూడో వ్యక్తి వివరాలు" అని రాసి, నా పొట్టి సంతకం పెట్టాను. అప్పటికి నేనూ ఉండను, కనీసం ఈ కుర్చీలో.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆ పెట్టె అడిగిన కుర్రాడు ఎవరంటే, ఈ కవి కవితలు ఏ వరసలో రాశారో తేల్చడానికి వచ్చినవాడు. ఈ కవిత 1950ల్లో రాసిందని కొందరు, కాదు తర్వాతదని కొందరు. నకలు చూపించగానే మొదటి ప్రశ్నే అది, "మేడమ్, దీని మీద తేదీ ఏమైనా ఉందా?" ముందు వైపు లేదు. వెనక వైపు ఉంది, కొట్టొచ్చినట్టు ఉంది. ఆ ఫారం 1961 మార్చిలో నింపారంటే, పనికిరానిదయ్యాక దాని వెనక రాసిన కవిత అంతకు ముందుది అయ్యే అవకాశం లేదు. అతని థీసిస్‌లో ఒక అధ్యాయం ఆ ఒక్క తేదీ మీద నిలబడుతుంది. ఆ తేదీ ఆ అమ్మాయిది కాదు, కాగితానిది, ఇవ్వొచ్చు. ఫారం ఏమిటో చెబితే మాత్రం, ఆయన పనిచేసిన ఆసుపత్రి ఏదో ఊరందరికీ తెలుసు కాబట్టి, దారి సగం చూపించినట్టే.

రాత్రంతా ఆలోచించి, మర్నాడు జాబితాలో ఒక లైను కలిపాను, "వెనక వైపు 1961 మార్చి తేదీతో నింపిన అచ్చు ఫారం." అతను అది చదివి, నోట్‌బుక్‌లో రాసుకుని, తలెత్తి అడిగాడు.

"ఏ ఫారం మేడమ్?"

"ఏదో ఫారమేనండీ" అన్నాను. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, సరేనని తల ఊపి, పేజీ తిప్పాడు.